ఎనోక్ ట్రెగియర్ ఇచ్చిన కొసరు

వెంబులా ఊళ్ళో పాలు పోసినవాళ్ళు చాలామందే ఉన్నారు గానీ, కొలత మీద కొసరు పొయ్యకుండా గుమ్మం దిగని మనిషి ఎనోక్ ట్రెగియర్ ఒక్కడే. అడిగినన్ని పాలు జగ్గులో పోసి, కొలపాత్రను మళ్ళీ క్యానులో ముంచి, ఇంకో చుక్క వంచి, "ఇది పిల్లికి" అనేవాడు. పిల్లి లేని ఇళ్ళలోనూ అనేవాడు. పిల్లులంటే పడని స్పార్గో గారింట్లో కూడా అనేవాడు. అలవాటైన చెయ్యి, అది ఆగదు.

ఆ కొసరు వల్ల అతనికి నష్టమేమీ జరగలేదు. జరిగిందల్లా ఇంకో కొసరు వల్ల. దానికి ముందు మనిషి సంగతి కొంచెం చెప్పాలి.

ఎనోక్ తండ్రి బంగారం తవ్వుకుందామని సముద్రాలవతల కార్న్‌వాల్ నుంచి ఓడెక్కి వచ్చినవాడు. బంగారం కంటే ముందు అతనికి గని దుమ్ము దగ్గు దొరికింది. ఆయన పోయాక తల్లి గ్రేస్ ఆయన పనిముట్లన్నీ అమ్మేసి ఒక ఆవును కొంది. "ఇది భూమి మీదే తిరుగుతుంది, భూమి కిందకి పోదు. అంతే చాలు నాకు" అందావిడ. ఎనోక్ బడికి వెళ్ళేముందు పాలు పిండేవాడు, వచ్చాక మేతకి తోలేవాడు. అందువల్ల అతని చేతులు పారల్లా తయారయ్యాయి. కాళ్ళు మాత్రం ఆవు వెనకాల నడిచీ నడిచీ ఆవు నడకకే స్థిరపడిపోయాయి.

అలాంటివాడు ఫుట్‌బాల్ ఆడతానని వస్తే ఎవడైనా నవ్వుతాడు. అప్పట్లో వెంబులా జట్టుకు కెప్టెన్ జేబెజ్ మామ. ఊరందరికీ మామే. ఆయన నవ్వలేదు. కుర్రాణ్ణి పై నుంచి కిందికి చూసి, చేతులు తిప్పి చూసి, సంతలో ఎద్దును చూసినట్టు చూసి, అన్నాడు:

"ఒరేయ్, నువ్వు పరిగెత్తలేవు. తన్నితే బంతి ఎటు పోద్దో నీకే తెలీదు. పట్టుకోమంటే జారిపోద్ది. కానీ ఈ చేతులున్నాయి చూడు, వీటిని వదులుకోకూడదు. వెళ్ళి మన గోలు ముందు నుంచో. బంతొస్తే ఆలోచించకు. గుద్దెయ్."

"ఎటు గుద్దను మామా?"

"వెనక్కి. పక్క స్తంభాల్లోకి. అటు పోతే వాళ్ళకొచ్చేది గుండుసున్నా, మనకొచ్చేది బంతి."

మా ఫుట్‌బాల్‌లో బంతిని చేత్తో పట్టుకోవచ్చు, గుద్దొచ్చు. గోలు దగ్గర రెండు పొడుగు స్తంభాలు, వాటికి అటూ ఇటూ రెండు పొట్టి స్తంభాలు. పొడుగువాటి మధ్య నుంచి తన్నితే గోలు. పక్కవాటి మధ్య నుంచి పోయినా, ఎవరి చెయ్యైనా తగిలి గీత దాటినా అది గోలు కాదు. దాన్ని మా ఊళ్ళో కొసరు అనేవాళ్ళు. పేపరు వాళ్ళు కొసర్లు రాసుకునేవాళ్ళు గానీ లెక్కలోకి రావు. పైగా కొసరు పోయిందంటే బంతిని గోలు కాసే జట్టుకే ఇచ్చేవారు, ముందుకొచ్చి హాయిగా తన్నుకోమని. అంటే ఎనోక్ గుద్దిన ప్రతి గుద్దూ ఊరికి లాభమే. బంతి స్తంభాల పక్కకి దూసుకుపోగానే జనం "శెభాష్ ఎనోకూ!" అని టోపీలు ఎగరేసేవాళ్ళు. అతను మొహం వెలిగించుకుని, వెళ్ళి బంతి తెచ్చుకుని, గీత ముందు నుంచునేవాడు.

ఒకే ఒకసారి మిగతావాళ్ళలా అందంగా గాల్లోకి ఎగిరి బంతిని రెండు చేతులా పట్టుకుందామని ముచ్చటపడ్డాడు. అది చేతుల మధ్య నుంచి జారి, ముక్కుకి తగిలి, ఎగిరి అవతలివాడి ఛాతీ మీద పడింది. వాడు దాన్ని పట్టుకుని గోలు చేశాడు. ఆ రోజు థర్జా పెన్‌హాలో కంచె పక్కన నుంచుని కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వింది. తర్వాత వెళ్ళి తన చేతిరుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకోమని ఇచ్చింది. అలా పెళ్ళయింది. థర్జా అన్న సైలస్ జేబెజ్ మామ తర్వాత కెప్టెన్ అయ్యాడు. ఎనోక్ మాత్రం ఇంకెప్పుడూ ముచ్చటపడలేదు. ఎన్ని సీజన్లు పోయినా గుద్దుడే. జీవితంలో ఒక్క గోలు కొట్టలేదు, కొట్టే చోటికి వెళ్ళనూ లేదు.

ఇంతలో పట్నంలో పెద్దలు కూర్చుని నిబంధన మార్చారు. ఇకమీదట గోలుకి ఆరు, కొసరుకి ఒకటి. మరుసటి ఏడు మా జిల్లాలోనూ అదే పెట్టాలన్నారు. ఊరి హాల్లో మీటింగు పెట్టి జట్టు కార్యదర్శి, ఇనప సామాను కొట్టు ఆంబ్రోజ్ స్పార్గో ఆ కాగితం చదివాడు. తెల్లారకముందే లేచే పాలవాడికి సాయంత్రం మీటింగంటే ఇంకేముంది, ఎనోక్ ముందు బెంచీలోనే కునికాడు. "ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి" అన్నప్పుడు పక్కవాడు పొడిస్తే చెయ్యెత్తాడు. "ఒప్పుకోనివాళ్ళు" అన్నప్పుడు ఇంకోవైపు వాడు పొడిచాడు. మళ్ళీ ఎత్తాడు. హాలంతా నవ్వింది.

ఆ సిగ్గుతో నిబంధన కంఠతా పట్టేశాడు. ఎంతగా అంటే, పాలు పోస్తూ గుమ్మాల దగ్గర అందరికీ తనే పాఠం చెప్పేవాడు. "చూడు మామ్మా, ఇదివరకు పక్కకి పోతే సున్నా. ఇప్పుడు ఒకటి. కాబట్టి గోలు కాసేవాడు జాగ్రత్తగా ఉండాలి" అని నాన్‌కర్విస్ ముసలమ్మకు వివరించాడు. ఆవిడ జగ్గు చేతిలో పట్టుకుని, "అబ్బో, నువ్వు జాగ్రత్తగా ఉండు నాయనా. నేనెటూ ఆడట్లేదుగా" అంది.

నిబంధన బుర్రకెక్కింది. చేతికే ఎక్కలేదు. ఆ సీజన్లో అక్కడక్కడ ఒకటీ అరా కొసర్లు గుద్దాడు గానీ, వెంబులా ప్రతిచోటా పెద్ద తేడాతో గెలుస్తుండేసరికి ఎవరూ పట్టించుకోలేదు.

చివరి ఆట పక్క ఊరు కిల్‌బ్రైడ్‌తో. గెలిచినా సరే, సమానమైనా సరే కప్పు మాదే. ఓడితే మాత్రం రెండు జట్లూ సరిసమానమై ఇంకో ఆట ఆడి తేల్చుకోవాలి. కిల్‌బ్రైడ్ వాళ్ళు గుర్రబ్బళ్ళ మీద పసుపు నలుపు రిబ్బన్లు కట్టుకుని వచ్చారు. ఆట చివరికొచ్చేసరికి స్కోరు సమానం. గంట కొట్టే మనిషి తాడు చేత్తో పట్టుకుని గడియారం వంకే చూస్తున్నాడు. అప్పుడు కిల్‌బ్రైడ్ వాడొకడు ఎక్కడో దూరం నుంచి గుడ్డిగా ఒక తన్ను తన్నాడు.

బంతి గోలు దాకా వచ్చే బలం లేకుండా ఎనోక్ వైపు తేలుతూ వచ్చింది. చుట్టుపక్కల ఒక్క పసుపు చొక్కా లేదు. వదిలేస్తే కాళ్ళ దగ్గర పడేది. పట్టుకుంటే పసిపిల్లలా ఒళ్ళో వాలేది. ఎనోక్ ఎగిరాడు. పిడికిలి బిగించాడు. ఆ ఏడంతా కొట్టిన వాటిల్లోకల్లా శుభ్రమైన గుద్దు అది. బంతి పొట్టి స్తంభాల మధ్య నుంచి, కంచె దాటి, స్పార్గో గారి బండి కిందకి దొర్లిపోయింది.

గోల్ అంపైరు ఒక జెండా ఊపాడు. గోలుకైతే రెండు, కొసరుకి ఒకటి.

ఎనోక్ తీరిగ్గా వెళ్ళి, బండి కింద దూరి బంతి తెచ్చుకుని, ప్యాంటుకి తుడిచి, గీత ముందు నుంచున్నాడు. మొహం నిండా వెలుగు. జనం "శెభాష్" అంటారని ఎదురుచూశాడు. ఎవరూ అనలేదు. టోపీలు తలల మీదే ఉన్నాయి.

"బావా, అటు నుంచున్నావేం? దూరం పో, తన్నుతా" అన్నాడు సైలస్‌తో.

సైలస్ దగ్గరికొచ్చాడు. నీరసంగా చేతిలోంచి బంతి తీసుకున్నాడు. "ఎనోకూ, ఇప్పుడు ఏం చేశావో తెలుసా?"

"ఏం చేశాను? పక్కకి..." అని ఆగాడు ఎనోక్. అప్పుడే గంట మోగింది.

ఆ తర్వాత జరిగింది ఇంకా ఘోరం. కిల్‌బ్రైడ్ కుర్రాళ్ళు మైదానంలోకి దూకి, తమ కెప్టెన్ని వదిలేసి, ఎనోక్‌ని భుజాల మీదకెత్తుకుని మైదానమంతా తిప్పారు. అతను కిందికి దిగాలని కాళ్ళు ఆడిస్తుంటే దూరం నుంచి చూసేవాళ్ళకి సంబరంగా ఊపుతున్నట్టే కనిపించింది.

మర్నాడు పాల దగ్గర ఊరంతా వదిలిపెట్టలేదు. "కిల్‌బ్రైడ్‌కి ఒకటిచ్చావుగా, మాకూ ఇంకో చుక్క పొయ్యి" అని ఒకరు. "మా జగ్గులోకే పొయ్యి నాయనా, పక్కకి పొయ్యకు" అని ఇంకొకరు. నాన్‌కర్విస్ మామ్మ గుమ్మంలోనే చేతులు నడుం మీద పెట్టుకుని నుంచుంది.

"జాగ్రత్తగా ఉండాలన్నావు కదరా, గోలు కాసేవాడు?"

"అన్నాను మామ్మా."

"మరి?"

"బుర్ర జాగ్రత్తగానే ఉంది మామ్మా. చెయ్యే వినలేదు."

"పోనీలే. మా పిల్లికి రెండు చుక్కలు పొయ్యి. అదొక్కటే నీ మీద కోపంగా లేదు."

చెవులు ఎర్రబడ్డా, ఎనోక్ అన్నిటికీ తలవంచుకుని నవ్వేశాడు. నవ్వేవాళ్ళు ఎంతసేపూ మనవాళ్ళే అని అతనికి తెలుసు. ఇది ఇంకో వారంలో చల్లారేదే, మంగళవారం ఆ ఆవు రాకపోయి ఉంటే.

ఆవు సంగతి పాతది. చలికాలంలోనే కిల్‌బ్రైడ్ రైతు డూగల్డ్ మెక్‌ఫెయిల్‌తో ఎనోక్ సంతలో చేతులు కలిపి మార్పిడికి ఒప్పుకున్నాడు. తన రెండు పెయ్యల్ని ఇవ్వాలి, ఆయన తన జెర్సీ ఆవు దగ్గర దూడకి పాలు మాన్పించాక ఆవుని పంపాలి. పెయ్యలు ఎప్పుడో వెళ్ళిపోయాయి, అదీ తెల్లవారుజామున ఊరు లేవకముందు. వాటిని ఎవరూ చూడలేదు. ఆవు మాత్రం పట్టపగలు, నడివీధిన, ఊరంతా చూస్తుండగా వచ్చింది. పైగా మెక్‌ఫెయిల్ గారు కిల్‌బ్రైడ్ జట్టుకు పెద్ద. ఆయన జీతగాళ్ళు తుంటరి వెధవలు. ఆవు కొమ్ములకి పసుపు నలుపు రిబ్బన్లు కట్టి, మెళ్ళో పువ్వులా కుచ్చు వేసి, తోకకి కూడా ముడి పెట్టి తోలారు. అది పెళ్ళికూతురులా తలాడించుకుంటూ ఎనోక్ దొడ్డి గేటు దగ్గర ఆగింది.

స్పార్గో తన కొట్టు గుమ్మంలో ఉన్నాడు. చూశాడు.

"బాగుందయ్యా ట్రెగియర్. ఒక పాయింటుకి ఒక ఆవు. గోలే ఇచ్చుంటే ఆరావులొచ్చేవిగా."

ఇక్కడే ఎనోక్ తన జీవితంలోకల్లా తెలివితక్కువ పని చేశాడు. ఆ మాటలు కూడా మిగతా ఎకసెక్కాల్లాంటివే అనుకుని, గట్టిగా నవ్వి, "అవునండీ, చేతికందిన బేరం పోగొట్టుకున్నాను!" అన్నాడు.

స్పార్గో నవ్వలేదు. సాయంత్రానికి ఊరంతా ఒకటే మాట: ట్రెగియర్ ఆట అమ్ముకున్నాడు, తనే ఒప్పుకున్నాడు.

బుధవారం పొద్దున వీధిలోకి బండి తిప్పేసరికి గుమ్మాల మీద జగ్గులు లేవు. ముందు ఆలస్యంగా లేచారేమో అనుకున్నాడు. రెండో వీధిలో కిటికీ తెర కదిలి మళ్ళీ మూసుకుంది. నాన్‌కర్విస్ మామ్మ గుమ్మం మీద కూడా జగ్గు లేదు. పిల్లి ఒక్కటే కూర్చుని ఉంది. దాని మూకుడులో చుక్క పోసి, "ఇది పిల్లికి" అన్నాడు ఎనోక్. ఆ రోజు ఆ మాట నిజంగా పిల్లితోనే అన్నాడు.

ఆటలో తెలివితక్కువవాడని అంటే భరించగలడు. చిన్నప్పటి నుంచీ అలవాటే. కానీ ఆ ఊళ్ళో తల్లి పోసిన పాలల్లో గానీ, తను పోసిన పాలల్లో గానీ నీళ్ళు కలిపారన్న మాట ఎన్నడూ రాలేదు. ఇప్పుడు మనిషిలోనే నీళ్ళు కలిశాయంటున్నారు.

ఆ వారమంతా అంతే. కొత్త ఆవు బిందెలకి బిందెలు ఇస్తోంది. కొనేవాళ్ళు లేరు. వెన్న చిలికీ చిలికీ థర్జా భుజాలు పడిపోయాయి.

"ఆ ఆవుని తోలెయ్యవయ్యా, పీడ పోద్ది" అంది.

"తోలేస్తే తప్పు ఒప్పుకున్నట్టు కాదూ?"

"ఉంచితే?"

"ఉంచితే లంచం ఉంచుకున్నట్టు."

"అయితే ఏం చేద్దామంటావు?"

"పాలు పిండుదాం. దానికేం తెలుసు, పాపం."

సైలస్ వచ్చి వంటింటి గుమ్మంలో టోపీ తిప్పుకుంటూ నుంచున్నాడు. మాంసం కూరి కాల్చిన పాస్టీ పెడితే తినలేదు. సైలస్ పాస్టీ తినలేదంటే సంగతి ముదిరినట్టే.

"బావా, పెయ్యల సంగతి నాకు తెలుసు. నేను చెప్పాను కూడా. స్పార్గో గారు, 'చెల్లెలి మొగుడి కోసం నువ్వు చెప్పకపోతే ఎవరు చెప్తారు' అంటున్నారు. కప్పు తేల్చే ఆటకి నిన్ను తీసెయ్యమని కమిటీ పట్టు. ఒక్క ఆటకి కాదు. ఇంకెప్పుడూ చొక్కా వెయ్యనివ్వరంట."

"నువ్వేమన్నావు అన్నయ్యా?" అంది థర్జా.

"బుధవారం దాకా ఆగమన్నాను."

"బుధవారం ఏముంది?"

"పెళ్ళయినవాళ్ళకీ పెళ్ళికానివాళ్ళకీ ఆట ఉందిగా. మన పెళ్ళయినవాళ్ళ వైపు మనుషులు తక్కువున్నారు. ఎనోక్‌ని తీసుకోక తప్పదు. అందరూ చూస్తారు. బావా, ఒకటే చెప్తున్నా, బంతి గాల్లో వస్తే..."

"పట్టుకుంటాను."

"పట్టుకోలేకపోతే?"

"కింద పడనిస్తాను."

"గుద్దవు కదా?"

"గుద్దితే ఈ చెయ్యి నరికెయ్యి బావా."

పెళ్ళయినవాళ్ళకీ కానివాళ్ళకీ ఆట మా ఊరి ఏటేటి ముచ్చట. ఓడినవాళ్ళు ఆడవాళ్ళ ఆప్రాన్లు కట్టుకుని గెలిచినవాళ్ళకి టీ, కుంకుమపువ్వు బన్నులూ వడ్డించి, కప్పులు కడగాలి. మామూలుగా ఒకటే నవ్వులాట. ఆ బుధవారం దుకాణాలు మధ్యాహ్నమే మూసి జనమంతా వచ్చారు గానీ, మైదానం చర్చిలా ఉంది. సగం మంది ఎనోక్ నుంచున్న గోలు వెనకే చేరారు. నాన్‌కర్విస్ మామ్మ కుర్చీ తెప్పించుకుని సరిగ్గా స్తంభం పక్కన వేసుకుంది. స్పార్గో ఆవిడ వెనకాల చేతులు కట్టుకుని నుంచున్నాడు.

ఆట మొదటి సగంలో బంతి రెండుసార్లు ఎనోక్ దగ్గరకొచ్చింది. ఒకసారి నేల మీద దొర్లుతూ వస్తే కాలితో ఆపాడు. ఇంకోసారి గాల్లో వస్తే ఎగరకుండా చేతులు వెనక్కి కట్టుకుని నుంచున్నాడు, అది ఛాతీకి తగిలి పడింది. థర్జా కంచె మీంచి, "అలాగే! అలాగే!" అని చేతులు నలుపుకుంది. ఎనోక్ నుదుటి మీద చెమట కారుతోంది. ఆడుతున్నవాడిలా లేడు, కోర్టు బోనులో నుంచున్నవాడిలా ఉన్నాడు.

చివరికొచ్చేసరికి స్కోరు మళ్ళీ సమానమైంది. దేవుడికి కూడా ఒక్కోసారి తుంటరితనం వస్తుంది కాబోలు. పెళ్ళికాని కుర్రాడొకడు దూరం నుంచి గుడ్డిగా తన్నాడు. బంతి తేలుతూ ఎనోక్ మీదకొచ్చింది. చుట్టుపక్కల ఎవరూ లేరు.

"పట్టుకో!" అని అరిచాడు సైలస్.

"వదిలెయ్!" అని అరిచింది థర్జా.

ఈ రెండు మాటల మధ్యా ఏం చెయ్యాలో బుర్ర తేల్చుకునేలోగా చెయ్యి తన పని తాను చేసేసింది. ధన్‌మని శబ్దం. బంతి పొట్టి స్తంభాల మధ్య నుంచి దూసుకుపోయి మామ్మ కుర్చీ కోడుకి తగిలి ఆగింది.

ఒక జెండా ఊగింది.

ఎనోక్ గబగబా వెళ్ళి, "జరుగు మామ్మా" అని బంతి తీసుకుని, ప్యాంటుకి తుడిచి, గీత ముందు నుంచుని, మొహం వెలిగించుకుని జనం వంక చూశాడు, శెభాష్ అంటారని.

ఒక్క టోపీ కదల్లేదు. ఎనోక్ మొహంలో వెలుగు మెల్లగా, దీపం వొత్తి తగ్గించినట్టు తగ్గింది. తన చేతి వంక చూసుకున్నాడు. బంతి వంక చూశాడు. సైలస్ వంక చూశాడు. "అయ్యో బావా" అన్నాడు. "నరికెయ్యి."

నాన్‌కర్విస్ మామ్మ మొదలుపెట్టింది. ముందు భుజాలు కదిలాయి, తర్వాత కుర్చీ కదిలింది, తర్వాత ఒక కేక లాంటి నవ్వు వచ్చింది.

"చూశారటర్రా ఆ మొహం! మొన్న మనం ఇటువైపు లేము గనక చూళ్ళేదు! లంచం తిన్నోడి మొహమా అది? బళ్ళో బహుమతొచ్చిన పిల్లోడి మొహం! వీడా ఆట అమ్ముకునేది? ఆట ఏ అంగట్లో అమ్ముతారో కూడా వీడికి తెలీదు!"

"మామ్మా, మరి ఆవు..." అన్నాడు స్పార్గో.

"ఆవేంటయ్యా ఆవు! ఇవాళ ఈ పెళ్ళికాని వెధవలు వీడికేమిచ్చారు? అందరి జేబులూ దులిపితే ఒక పొగాకు పొట్లం రాదు. అడుగు, ఏమిచ్చారో!"

పెళ్ళికాని జట్టు కెప్టెన్ నెత్తిన చెయ్యి పెట్టుకుని, "నా చెల్లెలి మీద ఒట్టు, మేమేం ఇవ్వలేదండీ. ఇంత సుళువని తెలిస్తే బన్నైనా ఇచ్చేవాళ్ళం" అన్నాడు.

ఆ మాటతో మైదానం పగిలిపోయింది. నవ్వు కంచె ఈ చివర్నుంచి ఆ చివరకి పాకింది. సైలస్ నేల మీద కూలబడి కడుపు పట్టుకున్నాడు. థర్జా ఏడుస్తోందో నవ్వుతోందో తెలియకుండా ఆప్రాన్ మొహానికి అడ్డం పెట్టుకుంది. "పిల్లికో చుక్క!" అని ఎవరో అరిస్తే అందరూ అందుకున్నారు. చివరికి స్పార్గో మీసాలు కూడా వణికాయి. ఆయన గొంతు సవరించుకుని ముందుకొచ్చాడు.

"ట్రెగియర్, ఆ రోజు నా కొట్టు దగ్గర బేరం అన్నావు చూడు..."

"ఎకసెక్కం అనుకున్నానండీ. మీరెప్పుడూ ఎకసెక్కం ఆడరుగా, మొదటిసారి ఆడారని సంతోషపడ్డాను."

స్పార్గో "అది ఎకసెక్కమే అనుకుందాం" అని చెయ్యి చాపాడు.

అందరూ నవ్వుతుంటే ఎనోక్ నడుమ నిలబడి, బంతిని కడుపుకి ఆనించుకుని, వారం రోజులుగా బిగబట్టిన ఊపిరి వదిలాడు. చిన్నప్పటి నుంచీ ఊరు తనని చూసి నవ్వుతూనే ఉంది. ఆ నవ్వు ఇంత హాయిగా ఉంటుందని అతనికి ఎప్పుడూ తోచలేదు. వేడినీళ్ళతో ఒళ్ళు తోముకున్నట్టు ఉంది.

ఆ సాయంత్రం పెళ్ళయినవాళ్ళు ఆప్రాన్లు కట్టుకున్నారు. ఎనోక్‌కి కుచ్చుల ఆప్రాను వచ్చింది. పాల జగ్గు పట్టుకుని వరసగా అందరికీ టీలో పాలు పోశాడు. ప్రతివాడూ కప్పు చాపి, "కొసరో?" అన్నాడు. ప్రతివాడికీ పోశాడు. స్పార్గో రెండోసారి కూడా కప్పు చాపాడు.

టీల దగ్గరే సైలస్ కమిటీ వాళ్ళని మూలకి తీసుకెళ్ళాడు. "ఎనోక్ ఆడాల్సిందే. కానీ వెనక కాదు. ముందు పెడదాం. వాడు ఎటూ గుద్దుతాడు. అవతలి గోలు దగ్గర గుద్దితే ఆ కొసరు మనదేగా!" అన్నాడు. అంత చిన్న సంగతి ఏడాదంతా ఎవరి బుర్రకీ ఎందుకు తట్టలేదో కమిటీకి అర్థం కాలేదు.

మర్నాడు తెల్లారి ఎనోక్ బండి వీధిలోకి తిప్పి ఆగిపోయాడు. ప్రతి గుమ్మం మీదా జగ్గు ఉంది. కొన్నిచోట్ల రెండేసి ఉన్నాయి. నాన్‌కర్విస్ మామ్మ గుమ్మం మీద జగ్గు, దాని పక్కన మూకుడు, మూకుడు పక్కన పిల్లి. ఎవరూ లేచి బయటకి రాలేదు. క్షమాపణలు చెప్పడం మా ఊళ్ళో ఎవరికీ చేతకాదు. జగ్గులు పెట్టారు, అంతే. ఎనోక్ టోపీ తీసి పిల్లికి నమస్కారం పెట్టి, పాలు పోశాడు. బండి ముందుకి కదిలాక ఈల వేశాడు. గుర్రం చెవులు రిక్కించింది. వారం రోజులుగా అది ఈల వినలేదు.

శనివారం కప్పు తేల్చే ఆట గురించి పెద్దగా చెప్పడానికేమీ లేదు. కిల్‌బ్రైడ్ వాళ్ళకి ఆ రోజు ఏదీ కలిసిరాలేదు. నాలుగు భాగాల్లో మూడోది అయ్యేసరికే కప్పు మాదని అందరికీ తెలిసిపోయింది. ఎనోక్ ముందు వరసలో కొత్త పెళ్ళికొడుకులా బిడియంగా తిరిగాడు, ఎటు పరిగెత్తాలో తెలియక. చివర్లో సైలస్ తన్నిన బంతి ఒకటి అతని మీదకొచ్చింది. పట్టుకుంటే బతుకులో మొదటి గోలు కొట్టే వీలుంది. ఊరంతా పట్టుకో అని అరవలేదు. ఊరంతా ఒక్క గొంతుతో "గుద్దెయ్!" అని అరిచింది.

గుద్దేశాడు. ఒక జెండా ఊగింది. ఆ ఏడాది గోల్స్‌కి కూడా లేవని కేకలు ఆ ఒక్క కొసరుకి లేచాయి. ఈసారి నిజంగానే టోపీలు ఎగిరాయి.

ఎనోక్ మొహం వెలిగించుకుని, కంచె దాకా వెళ్ళి బంతి తెచ్చుకుని, ప్యాంటుకి తుడిచి, గీత ముందు నుంచున్నాడు. ఎదురుగా కిల్‌బ్రైడ్ గోలు కాసే మనిషి నడుం మీద చేతులు పెట్టుకుని కాసేపు చూసి, దగ్గరికొచ్చాడు.

"అన్నా, ఇది మా గోలు. ఇక్కణ్ణుంచి నేను తన్నాలి" అన్నాడు మెల్లగా.

ఎనోక్ అతని వంకా, స్తంభాల వంకా, చేతిలో బంతి వంకా చూశాడు. "అవును కదా. క్షమించు తమ్ముడూ" అని బంతిని అతని చేతుల్లో పెట్టాడు. పెట్టాక, ఏదో లోటైనట్టు అనిపించి, దాని మీద కొసరుగా మెల్లగా ఒక తట్టు తట్టాడు.